మందులిచ్చువాని విద్య

వైద్యుడు చీటీ వ్రాయుటతో వైద్యము ముగియదు. చీటీ మందుగా మారవలెను. మందు రోగి చేతికి రావలెను. చేతికి వచ్చిన మందు తగిన వేళకు, తగిన మోతాదున, తగినన్ని దినములు లోనికి పోవలెను. ఈ మెట్లలో ఏ యొక్కటి జారినను, మీదిమెట్టున వైద్యుడు చూపిన ప్రజ్ఞ యంతయు బూడిదలో పోసిన పన్నీరగును. ఆసుపత్రులు చాలవని సభలు తీర్మానించుచున్నవి. డాక్టర్లు చాలరని పత్రికలు వ్రాయుచున్నవి. ఆ రెండును నిజమే. కాని చీటీకిని రోగికిని నడుమ నిలుచు మనుష్యుని గూర్చి యోచించువారు అరుదు. ఆ మనుష్యుడు ఫార్మసిస్టు. ఆతని విద్య యెట్లున్నది, ఎట్లుండవలెను, చదువు ముగిసిన పిమ్మట ఓ.పి. రోగుల సేవలో ఆతనికి మరియొక యేడాది గట్టిశిక్షణ యెందులకు కావలెను అనునదియే నేటి మా ప్రసంగవిషయము.

ఓ.పి. రోగి యనగా ఆసుపత్రిలో మంచము పట్టక, నడచివచ్చి, చూపించుకొని, మందు తీసికొని యింటికి పోవువాడు. మంచముపై నున్న రోగికి నర్సు వేళ తప్పక మందిచ్చును. డాక్టరు దినదినము వచ్చి చూచును. పొరపాటు జరిగినచో త్వరలోనే బయటపడును. ఇంటికి పోయిన రోగికి ఈ కాపుదల యేదియు లేదు. రోగియు నాతడే, నర్సును ఆతడే. నెలకో, మూడునెలలకో తిరిగివచ్చువరకు ఆతడేమి మ్రింగెనో, ఏమి మానెనో యెరిగినవారు లేరు. ఇట్టి రోగులే దేశమున కోట్లకొలది యున్నారు. అయినను రోగులను చూపి ఫార్మసీ విద్యార్థులకు నేర్పు శిక్షణ ప్రధానముగా ఆసుపత్రిమంచముల ప్రక్కనే జరుగుచున్నది.

సంగం జాగర్లమూడిని దృష్టాంతముగా గైకొందము. గుంటూరునుండి తెనాలికి పోవు రైలుదారిలోని గ్రామమిది. అటు గుంటూరున పెద్దాసుపత్రి, ఇటు తెనాలిలో జిల్లా ఆసుపత్రి. రెండు పట్టణములందును ప్రైవేటు డాక్టర్లు పెక్కురు. వైద్యము దూరమని యీ యూరివారు మొరపెట్టవలసిన పనిలేదు. ఇట్టి గ్రామమున నొక నడివయసు రైతును ఊహింపుడు. చక్కెరవ్యాధికి ఆతడు తెనాలి డాక్టరు నాశ్రయించినాడు. రక్తపుపోటునకు గుంటూరు డాక్టరు చీటీ వ్రాసినాడు. మోకాళ్ళనొప్పికి దగ్గరి మందులకొట్టులో నడిగి బిళ్ళలు తెచ్చుకొన్నాడు. మూడుచోట్ల మందులును ఒక్క సంచిలో చేరినవి. ఒక డాక్టరు వ్రాసినది రెండవ డాక్టరు చూడలేదు. కొట్టులో కొన్న బిళ్ళ సంగతి యిద్దరికిని తెలియదు. ఆ సంచిని బల్లపై గ్రుమ్మరించి, అన్నింటిని కలిపి చూచి, ఇది దానికి పడదని చెప్పగలవాడెవడు? ఆ విద్య ఫార్మసిస్టుది. ఆ బల్ల మాత్రము మనమాతనికి వేయలేదు.

ఈ పొరపాట్లు ఎట్టివో కొన్ని చెప్పెదము. చక్కెరవ్యాధికి వాడు గ్లిమిపిరైడు అను మందు అనేక కంపెనీల పేళ్ళతో అమ్ముడగుచున్నది. ఇద్దరు డాక్టర్లు దానినే రెండు పేళ్ళతో వ్రాసినచో రోగి రెండును వేసికొనును; రక్తమున చక్కెర పడిపోయి పొలముగట్టున సొమ్మసిల్లును. డైక్లోఫినాకు వంటి నొప్పిబిళ్ళలు రక్తపుపోటును పెంచగలవు, మూత్రపిండములకు చెరుపు చేయగలవు. రక్తపుపోటునకు వాడు కొన్ని మందులతోను, నీరు తీయు బిళ్ళలతోను కలిసినప్పుడు ఆ యపాయము మరింత యధికము. ఇన్సులిను మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల బలముతో నొకటి, 100 యూనిట్ల బలముతో నొకటి దొరకుచున్నది. దేని సిరంజి దానికే తగును. 40 యూనిట్ల సిరంజితో 100 యూనిట్ల మందు తీసినచో రోగి యొంటికి చేరునది వ్రాసినదానికి రెండున్నర రెట్లు. అది తారుమారైనచో చేరునది అయిదింట రెండు వంతులే. రోగి గీత సరిగానే చూచినాడు, లెక్క సరిగానే పెట్టినాడు. సీసాకును సిరంజికిని పొత్తు కుదరలేదని ఆతనికి చెప్పినవారు లేరు.

మెథోట్రెక్సేటు కథ ఆంధ్రులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలందు నడపిన పరిశోధకబృందమునుండి ఫోలికామ్లపు కృత్రిమనిర్మాణమును, ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిను, మెథోట్రెక్సేటులును వెలువడినవి. కాన్సరునకు ఆయుధముగా పుట్టిన మెథోట్రెక్సేటు నేడు తక్కువ మోతాదున కీళ్ళవాతమునకు గూడ వాడుకలో నున్నది. అట్లు వాడునప్పుడు దానిని వారమున కొక్కదినమే వేసికొనవలెను. పొరపాటున ప్రతిదినము వేసికొని, నోరు పుండై, రక్తకణములు క్షీణించి, ప్రాణములు కోల్పోయినవారు పలుదేశములలో నున్నారు. తెలుగువాని మేధ వెలుగులోనికి తెచ్చిన మందు, 'వారమున కొకసారి' యను మాట విడమరచి చెప్పు మనిషి లేక, తెలుగువాని యింట విషము కావలెనా? ఆ మాట చెప్పుటకు రెండు నిమిషములు చాలును. రోగిచేత దానిని తిరిగి చెప్పించుటకు మరియొక నిమిషము. ఆ మూడు నిమిషములు ఎవరి బాధ్యత యనునదే ప్రశ్న.

ఇది యొక యూరి సమస్య కాదు. భారత వైద్యపరిశోధనామండలి యాధ్వర్యమున జరిగి 2023లో వెలువడిన యధ్యయనము దేశమున చక్కెరవ్యాధిగ్రస్తులు పదికోట్లు దాటిరని లెక్కగట్టినది. వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు కలదని తేల్చినది. ఈ రెండును జీవితాంతము మందు కోరు వ్యాధులు. సంపన్నదేశములందే దీర్ఘవ్యాధుల రోగులలో చెప్పినట్లు మందు వాడువారు సగముమందియేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2003లో ప్రకటించినది. చదువును ధనమును కొరవడిన దేశములలో స్థితి అంతకన్న మెరుగుగా నుండునని యెవరును ఆశింపజాలరు. మందుల పొరపాట్లవలన లోకమునకు ఏటేట 4,200 కోట్ల డాలర్ల నష్టము కలుగుచున్నదని అంచనా వేసి, నివారింపదగిన ఘోరహానిని అయిదేండ్లలో సగమునకు తగ్గింపవలెనని ఆ సంస్థయే 2017లో సకల ప్రభుత్వములకు పిలుపునిచ్చినది.

తెలుగుదేశమున ఔషధమునకును ప్రజాసేవకును చుట్టరికము పాతది. 1893లో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారే 1908లో ఆంధ్రపత్రికను నెలకొల్పిరి. మందుసీసా సంపాదించిన ధనము అక్షరమునకు అండయైనది. కాని మందు తయారుచేయుట, మందు అమ్ముట, మందును రోగికి అమర్చుట యనునవి వేరువేరు విద్యలు. మొదటి రెండింటిలో మనవారు లోకప్రసిద్ధి గాంచిరి. మూడవదానియందే మన వెనుకబాటు.

పూర్వము చీటీ చూచి మందు కలిపి యిచ్చువాడు కాంపౌండరు. ఆతడు డాక్టరు గదిలోనే చూచి నేర్చుకొనెడివాడు. దేశమున కల్తీమందులు ప్రబలగా విచారించుటకు 1930లో చోప్రా సంఘము నియమింపబడెను. 1932లో మహాదేవలాల్ ష్రాఫ్‌గారి కృషివలన కాశీ హిందూవిశ్వవిద్యాలయమున ఫార్మసీ విద్య యారంభమయ్యెను. స్వరాజ్యము వచ్చిన మరుసటియేడు, 1948లో, ఫార్మసీ చట్టము పుట్టినది. రిజిస్టరు కాని వాడు మందులిచ్చుట కూడదను నియమము దానినుండియే వచ్చినది. ఆపైన డిప్లొమాలు, డిగ్రీలు వృద్ధియైనవి. కాని ఆ పాఠ్యక్రమమున బిళ్ళ తయారగు విధానమునకు దక్కిన చోటు, బిళ్ళ మ్రింగు మనుష్యునకు దక్కలేదు. మందులకొట్టులలో నిలుచువారిలో అధికులు రెండేండ్ల డిప్లొమా చదివి, 500 గంటల ఆచరణశిక్షణ ముగించి వచ్చినవారు. వారిని తక్కువచేయుట మా యభిమతము కాదు. వారికి నేర్పినది వారు చేయుచున్నారు. నేర్పనిదానిని చేయలేదని నిందించుట న్యాయము గాదు.

2008లో ఫార్మసీ కౌన్సిలు ఫార్మ్.డి. యను ఆరేండ్ల చదువును ప్రవేశపెట్టినది. అయిదేండ్లు తరగతులు, ఆరవయేడు ఆసుపత్రిలో శిక్షణ, అందు ఆరునెలలు సామాన్యవైద్యవిభాగమున, తక్కిన ఆరునెలలు మూడు ప్రత్యేకవిభాగములలో రెండేసి నెలలు. 2015లో వెలువడిన ఫార్మసీ వృత్తినిబంధనలు రోగికి మందును గూర్చి వివరించి చెప్పుట ఫార్మసిస్టు కర్తవ్యమని స్పష్టపరచినవి. కాగితముపై మార్గము చక్కగానే యున్నది. గుంటూరు, బాపట్ల సీమలలో ఫార్మసీ కళాశాలలకు కొదువ లేదు. సంగం జాగర్లమూడికి పొరుగున నున్న వడ్లమూడిలోనే యొకటి కలదు. ఇంత విద్య యింటిముంగిట నుండగా ఆ రైతు సంచిని విప్పిచూచువాడు లేకపోవుటకు కారణమేమి?

కారణము మాకు తోచినది చెప్పెదము. ఫార్మ్.డి. ఆరవయేటి విద్యార్థి యింకను విద్యార్థియే. ఆతడు చూచును, వ్రాసికొనును, గురువునకు అప్పగించును. నిర్ణయము చేయడు, నిర్ణయమునకు బాధ్యుడు గాడు. ఈత నేర్చువానిని ఒడ్డున నిలిపి నీటిని గూర్చి యెంత చెప్పినను ఈత రాదు. పట్టముచ్చుకొని రిజిస్టరైన పిమ్మట, అనుభవజ్ఞుని కనుసన్నలలో, జీతము గైకొనుచు, తన రోగులకు తానే జవాబుదారియై యొక యేడాది పనిచేయుట వేరు. డాక్టర్లకు దీనినే రెసిడెన్సీ యందురు. ఎం.డి. కోరు వైద్యుడు మూడేండ్లు అట్లు పనిచేయనిదే నిపుణుడని యొప్పుకొనుటలేదు. ఫార్మసిస్టునకు మాత్రము పట్టముతోనే సర్వము పూర్తియైనదని భావించుచున్నాము.

అమెరికాలో ఫార్మసిస్టుల రెసిడెన్సీలకు ప్రమాణములేర్పరచి గుర్తింపు నిచ్చుట 1960వ దశకముననే యారంభమైనది. పట్టభద్రుడు మొదటియేడు అన్ని రకముల రోగులను చూచును. ఇష్టమున్నచో రెండవయేడు ఒక శాఖను పట్టును. అట్టి శాఖలలో నొకటి నడచివచ్చు రోగుల సేవ. రక్తము గడ్డకట్టకుండ వాడు మందును ఉదాహరణముగా జూడుడు. గుండెకు కృత్రిమకవాటము వేయించుకొన్నవాడు దానిని బ్రతికినన్నాళ్ళు వాడవలెను. తగ్గినచో కవాటమున రక్తము గడ్డకట్టును. హెచ్చినచో లోలోపల కారిపోవును. ఆకుకూరలలోని కె విటమిను దాని బలమును తగ్గించును. కొన్ని క్రిమిసంహారక ఔషధములు దాని బలమును పెంచును. కావున మాటిమాటికి రక్తపరీక్ష చేయించి మోతాదు సరిచూచుచుండవలెను. అక్కడి ఆసుపత్రులు పెక్కింట ఈ పనిని డాక్టరుతో ఒప్పందము చేసికొన్న ఫార్మసిస్టే నిర్వహించుచున్నాడు. మన యూళ్ళలోను అట్టి కవాటముతో జీవించువా రున్నారు; శస్త్రచికిత్సకు సర్కారు లక్షలు వెచ్చించును, ఆపైన మోతాదు చూచు మనిషి లేడు.

ఫలితములెట్టివని యడుగువారికి ఒక్క సంగతి మనవిచేసెదము. లాస్ ఏంజలిసు నగరమున నల్లజాతివారు నడుపు 52 క్షౌరశాలలలో, రక్తపుపోటు అదుపు తప్పిన 319 మంది నల్లజాతి పురుషులపై జరిగిన యొక పరిశోధన 2018లో వెలువడినది. ఒక వర్గమువారికి మంగలి మంచిమాట చెప్పి డాక్టరు నొద్దకు పొమ్మనెను. రెండవ వర్గమువారి యొద్దకు ప్రత్యేకశిక్షణ గల ఫార్మసిస్టులు క్షౌరశాలకే వచ్చి, వారి డాక్టర్ల యొప్పందముతో మందులు సరిచేసిరి. ఆరునెలలకు మొదటివారి పైపోటు సగటున 9 పాయింట్లు తగ్గినది. రెండవవారిది 27 పాయింట్లు తగ్గినది. మందులు క్రొత్తవి కావు. మనిషి వచ్చినాడు, లెక్క చూచినాడు, మరల వచ్చినాడు. అంతే భేదము.

ఇక ఆక్షేపణలను విచారింతము. ఫార్మసిస్టు డాక్టరగుటకు యత్నించునేమో యని వైద్యులు శంకింతురు. మన చట్టము చీటీ వ్రాయు హక్కును డాక్టరునకే యిచ్చినది. దానిని మార్చుమని మేము కోరుటలేదు. సంచిలోని దోషము కనిపెట్టి, డాక్టరునకు తెలిపి, ఆతడు సరిదిద్దినదానిని రోగికి బోధపరచు సహాయుని మాత్రమే కోరుచున్నాము. ఉదయమునుండి నిలువుకాళ్ళపై ఓ.పి. చూచు ప్రభుత్వవైద్యునకు ఇట్టి సహాయుడు పోటీదారు గాడు, కుడిభుజము.

ధనమెక్కడిదని ఖజానావారు ప్రశ్నింతురు. అమెరికాలో ఆష్‌విల్లు పట్టణపు పురపాలకులు 1990వ దశకము చివరిభాగమున, చక్కెరవ్యాధి గల తమ యుద్యోగులను చూచుచుండుటకు ఫార్మసిస్టులకు ప్రత్యేకముగా రుసుము చెల్లించిరి. మందులఖర్చు పెరిగినది, కాని చక్కెర అదుపులోనికి వచ్చి, మొత్తము వైద్యపుఖర్చు తగ్గినది. పోల్చిచూచుటకు రెండవ వర్గము లేని పరిశీలన గనుక దానినే వేదముగా మేము పట్టము. అయినను మూత్రపిండములు చెడినవాడు వారమునకు రెండు మూడుమార్లు డయాలిసిసునకు ఎక్కవలసివచ్చునని యెరిగినవారు, ఒక ఫార్మసిస్టు జీతమును దుబారా యనజాలరు.

శిక్షణ యిచ్చినచో వీరు విదేశములకు లేచిపోదురని మూడవ యాక్షేపణ. పోవుచున్న మాట నిజమే. 2003 పిమ్మట పట్టము పొందిన విదేశీయులు అయిదేండ్ల ఫార్మసీ చదువు చదివియుండవలెనని అమెరికావారు నియమము పెట్టిరి, నాలుగేండ్ల బి.ఫార్మసీ అందులకు చాలదు, ఆరేండ్ల ఫార్మ్.డి. చాలును. కనుక ఎందరో తల్లిదండ్రులు ఈ చదువును ఓడయెక్కు చీటీగా భావించిరి. కాని ఆరేండ్లు చదివిన యువకునకు ఊరిలో చూపిన పని యేమి? అలమారలనుండి డబ్బాలు దించి యిచ్చుటయేనా? లేదా సర్టిఫికెటును కొట్టుగోడకు తగిలించి, తాను వేరొకచోట బ్రతుకుటయేనా? అద్దెకు పోయిన సర్టిఫికెటు రోగికి మాట చెప్పదు. పని చూపని దేశము పోవువానిని నిందించుట తగదు. ముందు పీట వేయుదము. అప్పుడు కూర్చుండనివానిని అడుగుదము.

కావున మా సూచనలివి. తెనాలి జిల్లా ఆసుపత్రియందును, గుంటూరు పెద్దాసుపత్రియందును ఓ.పి. రోగులసేవకై ఫార్మసిస్టులకు ఏడాది రెసిడెన్సీని ప్రభుత్వము ప్రారంభింపవలెను. మొదట నలుగురైనను చాలును. జీతము మాత్రము గౌరవముగా బ్రతుకదగినంత యుండవలెను. ప్రతి రెసిడెంటునకు ఓ.పి.లో నొక బల్ల, ఒక కుర్చీ, రోగుల నమోదుపుస్తక ముండవలెను. చక్కెర, రక్తపుపోటు, ఉబ్బసము, గుండెకవాటము, కీళ్ళవాతము గల రోగులు డాక్టరును చూచిన పిదప ఈ బల్లకడకు వచ్చి తమ సంచి విప్పవలెను. వారమున రెండుదినములు రెసిడెంటు సంగం జాగర్లమూడి వంటి గ్రామముల ఆరోగ్యకేంద్రములకు పోవలెను. బాపట్ల, రేపల్లె ఆసుపత్రులకు రెండవయేట ఈ యేర్పాటును విస్తరింపవలెను. బోధనకు ఫార్మసీ కళాశాలలు బాధ్యత వహింపవలెను. మార్కుల విషయమున గాక, రోగుల విషయమున. ఎన్ని సంచులు చూచిరి, ఎన్ని దోషములు పట్టిరి, ఎందరి రక్తపుపోటు అదుపునకు వచ్చెను అను లెక్క ఏటేట ప్రజలముందు పెట్టవలెను. లెక్క మంచిదైనచో పెంచుదము, కానిచో మాన్పుదము.

క్షౌరశాలలో జరిగిన పని మన పఠనమందిరమున నేల జరుగదు? 1918లో పుట్టిన వేటపాలెపు సారస్వతనికేతనము మొదలుగా ఈ సీమ గ్రంథాలయములకు పేరుగన్నది. పట్టణములందు ఉదయమే పత్రికకై వచ్చి బల్లచుట్టు గూర్చుండు పెద్దలలో మందు వాడనివారు ఎందరు? నెలకొక ఆదివారము ఆ బల్లపైననే పత్రికలు ప్రక్కకు జరిపి సంచులు విప్పింపుడు. సమీప కళాశాలనుండి ఉపాధ్యాయుని, శిక్షణలోనున్న యువకుని ఆహ్వానింపుడు. దీనికి సర్కారు ఉత్తరువు అక్కరలేదు. గ్రంథాలయకార్యదర్శి వ్రాయు ఒక్క యుత్తరము చాలును.

పాఠకమహాశయులు ఈలోగా తమవంతు చేయవలసిన దొకటి కలదు. మందులకొట్టున సొమ్ము చెల్లించి వెనుదిరుగుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు: ఈ మందు దేనికి? ఎప్పుడు, ఎన్నాళ్ళు? నేను వాడుచున్న తక్కినవానితో పడునా? ఏ లక్షణము కనిపించినచో మాని, డాక్టరును చూడవలెను? జవాబు చెప్పగలవాడు కొట్టులో నున్నచో ఆతనిని గౌరవింపుడు. లేనిచో ఎందులకు లేడని యడుగుడు. అడుగు ప్రజలున్నచోటనే చెప్పు విద్య పెరుగును. మందు కొనుటకు మనమిచ్చు రూపాయిలో మందు ధరయే గాక, దానిని సరిగా వాడు జ్ఞానమునకును పాలున్నది. ఆ పాలును వదలుకొనుట యిక చాలును.